“నా దేవుడు” అను మాట: తెలుగునాట దాని చరిత్ర

మన పీఠభూమిలో మనుష్యునికి దేవుని జ్ఞప్తికి దెచ్చునది మొదట మేఘము. ఆషాఢము వచ్చియు చినుకు రాలనియెడల పల్లెలలో పిల్లలు రోకటికి కప్పను గట్టి యింటింటికి ద్రిప్పుదురు. ఇల్లాండ్రు దానిపై నీళ్లు కుమ్మరింతురు. పెద్దలు గ్రామదేవతకు జాతర సేయుదురు, గుడిలో భజనలు పెట్టింతురు. ఈ ప్రార్థనలు వేఱువేఱైనను వీని స్వభావ మొక్కటియే. ఇవి ఊరి ప్రార్థనలు. వాన తన చేనిపై మాత్రము గురిసి పక్కవాని చేనిని విడిచిపోవలెనని యెవ్వరును కోరరు. (మా సీమలో ఒక్కొక్కయేడు అట్లును జరుగుచుండుననుట వేఱు మాట.) కురిసిన నందఱికి, ఎండిన నందఱికి. కావున నిచ్చట దేవత పొలిమేర దేవత, భక్తుడనగా ఊరు.

ఒక్కొక్కనికి సంబంధించిన వేడుకోలు మనకు లేకపోలేదు. గుంతకల్లునకు సమీపమున కసాపురములో నెట్టికంటి ఆంజనేయస్వామి గలడు. వ్యాసరాయలు ప్రతిష్ఠించెనని ప్రతీతి. శ్రావణమాసమున కన్నడసీమ నుండియు జనులు తండోపతండములుగా వచ్చుచుందురు. పట్టణములో మస్తాన్‌వలి దర్గా కలదు. అచ్చట మొక్కుకొనువారిలో హిందువులు తక్కువవారు కారు. ఈ రెండుచోట్లకును మనుష్యుడు తన బాధను తానే మోసికొని పోవును. బిడ్డకు జ్వరము, కూతురికి పెండ్లి, ఎండిన బావి. కాని యా సంబంధమునకు మొక్కు అని పేరు. నీ విది చేసిన నే నది యిత్తును. అందు నింద్యమేమియు లేదు. అది యొక యొప్పందము. ఒప్పందము తీఱినపిమ్మట ఉభయులును తమతమ తావులకు బోవుదురు.

ఈ రెంటికిని భిన్నమైన మాటను క్రైస్తవబోధకులు మన నాటికి గొనివచ్చిరి. దేవునికిని నీకును నడుమ ఊరు రానక్కఱలేదు, కులము రానక్కఱలేదు, మొక్కుబడియు నక్కఱలేదు. ఆయన నిన్ను పేరుపెట్టి యెఱుగును, నీవును ఆయనను నీవాడని యెఱుగవలయును అని ఆ మాట. ఇంగ్లీషులో దీనిని ‘పర్సనల్’ సంబంధమందురు. లాటినున పర్సోనా యనగా నాటకములో నటుడు ధరించు ముసుగు, పిదప పాత్ర, ఆ పిదప న్యాయస్థానమున హక్కుగల మనుజుడు. దీనికి మనము వాడు ‘వ్యక్తి’ శబ్దము అట్టిది కాదు. వి పూర్వకమైన అంజ్ ధాతువునుండి పుట్టినది. కనబడునది, స్పష్టమైనది అని యర్థము. ముసుగు తొడిగినవాడొకడు, ముసుగు తొలగినవాడొకడు. కోశములలో నీ రెండు మాటలను ఎదురెదురుగా వ్రాసికొనుట మనకు పరిపాటియైనది గాని, వాని పుట్టుకలు పరస్పరము విరుద్ధములు.

చదువరులు వెంటనే యొక యాక్షేపణ చేయుదురని యెఱుగుదును. దేవుని ‘నావాడా’ యని పిలుచుట మనకు క్రొత్తయా? మన సీమకు తూర్పున తాళ్లపాకలో పుట్టిన అన్నమాచార్యుడు (1408–1503) వేంకటేశ్వరునితో అలిగెను, బ్రతిమాలెను, దెప్పెను. కందిమల్లాయపల్లె వీరబ్రహ్మముగారి శిష్యులలో దూదేకుల సిద్దయ్య గలడు, మాదిగ కక్కయ్య గలడు. కదిరి ప్రాంతమున కటారుపల్లెలో సమాధియైన వేమన, గుడియు రాయియు నక్కఱలేని దేవుని జెప్పెను. నవవిధభక్తులలో సఖ్యము గలదు, ఆత్మనివేదనము గలదు. ఇవియన్నియు సత్యము. అయితే భేద మొకటి గలదు. మనలో నిట్టి భక్తి మహాత్ముల భాగ్యము. ఊరిలో నొక్కనికి గలిగిన మిగిలినవారు నమస్కరించి, అతని పదములు పాడుకొని, తమ మొక్కులు తాము చెల్లించుకొందురు. క్రైస్తవులు దానిని ప్రతివాని నుండియు నడిగిరి. పశువులు గాచువాడు, బావి త్రవ్వువాడు, వాని భార్య, వాని ముసలితల్లి, ఒక్కొక్కరును విడివిడిగా సాక్ష్యము చెప్పవలయుననిరి. అపురూపమైనదానిని అందఱికిని విధిగా జేసిరి. అది సాధ్యమైనదా, కాలేదా యనునదే యిచ్చట మన విచారణ.

మొదట వచ్చినవారు దానిని అంతగా నడుగలేదు. 18వ శతాబ్దిలో జెసూటు గురువులు కర్ణాటక మిషను పేర ఈ ప్రాంతములందు సంచరించిరి. అనంతపురమునకు జేరువనున్న మద్దిగుబ్బ, ఆలమూరు గ్రామముల రెడ్డి కుటుంబములు కొన్ని వారివలన బాప్తిస్మము పొంది, కాలక్రమమున గుంటూరుసీమకు వలసపోయి ఫిరంగిపురము మొదలగు చోట్ల స్థిరపడెను. ఇంటిపేర్లు చెడలేదు, కులము చెడలేదు, వియ్యములు చెడలేదు. వంశము వంశముగా నొక దేవుని విడిచి యొక దేవుని జేరెను. ఆ కాలముననే మంగళగిరి ఆనందకవి వేదాంతరసాయనమను ప్రబంధమున క్రీస్తుకథను మన పద్యకావ్యమర్యాదలతో రచించెను. మతము మాఱినను మర్యాద మాఱలేదన్నమాట.

వ్యక్తిగతభక్తియను భావము మనకు వేఱొక ద్వారమున వచ్చినది. జర్మనీ దేశమున హాలె నగరము 17వ శతాబ్ది చివరనుండి ‘పయటిజము’ అను ఉద్యమమునకు కేంద్రము. సరియైన సిద్ధాంతము నోట పలికినంత మాత్రమున నేమి ఫలము, హృదయము మాఱవలదా యని వారి ప్రశ్న. ఆ బడినుండి వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చి, 1732 నాటికి బైబిలును తెనిగించెను, అది యచ్చుపడలేదు. స్వదేశమునకు మఱలిన పిమ్మట 1746–47 సంవత్సరములలో హాలెలో కొన్ని చిన్న తెలుగు పుస్తకములను ముద్రింపించెను. తెలుగు లిపిలో నచ్చయిన తొలి పుస్తకములు ఇవియే. నన్నయ కాదు, శతకము కాదు, పంచాంగమైనను కాదు. మన యక్షరములు మొట్టమొదట సీసమున బోయబడినది, మనుష్యుడు ఒంటరిగా దేవుని ముందు నిలువవలయునని చెప్పుటకు. మన ముద్రణచరిత్ర వ్రాయువారు ఈ సంగతిని తేదీగా జెప్పి విడిచెదరు. అది తేదీ మాత్రమే కాదని నా యభిప్రాయము.

ఇంగ్లండున అదే గాలి వేఱొక తీరుగ వీచినది. 1795లో నేర్పడిన లండను మిషనరీ సంఘము ఆ యుత్సాహమున బుట్టినదే. ఆ సంఘమువారు 1810లో బళ్లారి చేరిరి, 1822లో కడప చేరిరి. ఆ శతాబ్ది చివర గుత్తి వారికి ముఖ్యస్థానమైనది. వీరిలో పెక్కుమంది కాంగ్రిగేషనలు మర్యాదవారు. ఆ మర్యాదలో సంఘసభ్యత్వము తండ్రినుండి కుమారునికి వచ్చు ఆస్తి కాదు. తన యంతరంగమున జరిగినదానిని వాడు తన నోట చెప్పగా సంఘము విని చేర్చుకొనును. కావున వారి లెక్కలలో మూడు మెట్లు గానవచ్చును: వినవచ్చువారు, బాప్తిస్మము పొందినవారు, పూర్తి సభ్యులు. మొదటి మెట్టున వేలు, కడపటి మెట్టున కొలదిమంది. ఊరంతయు నొక్కటై యడుగుచుండ, వీరు ఒక్కొక్కనిని పిలిచి ప్రశ్నించుచుండిరి.

ఈ ప్రశ్నకు ఇద్దఱు మనుష్యుల జీవితములు రెండు ప్రత్యుత్తరములుగా నాకు దోచుచున్నవి. ఇద్దఱును మన సీమవారు కారు. అయినను వీరి కథలు విడిచి ఈ చరిత్ర సాగదు.

ఒకరు పురుషోత్తమ చౌదరి (1803–1890). పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణుడు. సంస్కృతము చదివినవాడు, సంగీతము నెఱిగినవాడు. విగ్రహారాధనను గూర్చిన యొక చిన్న పుస్తకము చేతబడగా సందేహము మొదలైనది. 1833లో కటకమున బాప్తిస్మము పొందెను. ఆనాడు బ్రాహ్మణునికి ఆ పని యెట్టిదో మన యిండ్లలోని పెద్దలకు వేఱుగ జెప్పనక్కఱలేదు. ఇల్లు పోయెను, బంధువులు పోయిరి. భార్యయు చాలకాలము దూరమైయుండి పిమ్మట వచ్చి చేరెను. ఇది ఒంటరివాని మార్గము. చేతిలో నున్నదంతయు విడిచి ఒక్కడై నిలిచినవాడు ‘నా దేవుడా’ యని పిలుచుటలో వింతలేదు. ఆయనకు ‘నా’ యని చెప్పుకొనుటకు వేఱొకటి మిగులలేదు. ఆ పిలుపును ఆయన మన రాగతాళములలో పెట్టి కీర్తనలు కట్టెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథమున నవి నేటికిని నిలిచియున్నవి. అక్షరము రాని స్త్రీలును వానిని చెవితో నేర్చి కంఠస్థము చేసిరి. వాని శైలిని గూర్చి మన పండితులు శ్రద్ధవహింపకుండుట న్యాయము గాదు. త్యాగరాజునకు సమకాలమున బ్రతికిన వాగ్గేయకారునికి సాహిత్యచరిత్రలలో రెండు పంక్తులైనను చోటు దొరకవలయును.

రెండవవాడు యెఱ్ఱగుంట్ల పేరయ్య. ఒంగోలు ప్రాంతమున తాళ్లకొండపాడు గ్రామపు మాదిగ, తోళ్ల వ్యాపారి. క్రైస్తవమును వినకపూర్వమే రాజయోగము నేర్పు గురువుల వెంట దిరిగి, లోపల వెదకుట యెఱిగినవాడు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అను విదుషి 1899లో ప్రకటించిన గ్రంథమున ఈ సంగతులు గలవు. అంటరానివానికి దైవచింత యెక్కడిది, వాడు కూటికై మతము మాఱెనని తేలికగా బలుకువారు ఈ గ్రంథమును చదువవలయును. పేరయ్య కూటికి లేనివాడు కాడు. తోళ్లబేరమునకై ఉత్తరమునకు బోయినప్పుడు క్రొత్తబోధను వినెను. 1866లో జూయెట్ దొరచేత బాప్తిస్మము పొందెను. భార్య నాగమ్మయు పొందెను.

పురుషోత్తముడు బాప్తిస్మము పొంది యింటిని విడిచెను. పేరయ్య బాప్తిస్మము పొంది యింటికి వచ్చెను. ఇందే భేదమంతయు గలదు. అతడు తన చుట్టములయొద్దకు బోయి, కొట్టములలో చెప్పులు కుట్టుచు గూర్చున్నవారితో మాటలాడెను. 1867 జనవరిలో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ తాళ్లకొండపాటికి రాగా, కొన్నిదినములు విచారించి 28 మందికి బాప్తిస్మమిచ్చెను. వారిలో పలువురు ఒకరికొకరు బంధువులు. అచ్చటనుండి అది వియ్యాలవారి త్రోవలను పట్టి ఊరూరికిని ప్రాకెను.

క్లౌ దొర వారికి పెట్టిన నియమములు మూడు: ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. చూచుట కివి యల్పములు. కాని మూడవదానిని గమనింపుడు. గ్రామదేవత జాతరలో డప్పు కొట్టుట మాదిగవాని విధి. అది వాని నమ్మకముతో నిమిత్తము లేని పని. ఊరి ప్రార్థనలో వాని వంతు. నేను కొట్టను, నా దేవుడొప్పడు అని వాడనగానే ఊరి ప్రార్థనకు లోపము వచ్చెను. కరణములు, రెడ్లు ఆగ్రహించిరి. కొన్నిచోట్ల బావినీరు ఆపిరి, పని మాన్పిరి, కొట్టిరి. ‘నాకు, దేవునికి’ అను రెండు మాటలు అంతఃపురములో బలికిన వేదాంతము. మాదిగపల్లెలో బలికిన తిరుగుబాటు. మనము మనస్సాక్షి యని గొప్పగా జెప్పుకొను వస్తువు తెలుగుపల్లెలో నట్లు డప్పు క్రింద బెట్టుటతో బయల్పడినది.

తరువాత 1876–78 సంవత్సరముల కఱవు వచ్చెను. ధాత కఱవని మన పెద్దలు చెప్పుకొనినది. బళ్లారి, కడప, కర్నూలు, నెల్లూరు సీమలలో జనులు లెక్కలేక చచ్చిరి. క్లౌ బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల పని గుత్తకు దీసికొని వేలమందికి కూలి యిప్పించెను. ఆ కాలమున బాప్తిస్మములను ఏడాదికి పైగా నిలిపివేసెను. అన్నమునకై వచ్చినవారన్న మాట పడకుండవలయునని ఆయన తలంపు. కూలిపని ముగిసిన పిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లెయొద్ద ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. బాప్తిస్మమిచ్చినవారు దొర కాదు. తెలుగు బోధకులు ఆఱుగురు, ఇద్దఱిద్దఱుగా నీటిలో నిలిచి మార్చిమార్చి యిచ్చిరి.

ఈ సంఖ్యను జూచి అమెరికాలోను శంకించినవారు గలరు. రెండువేలమంది యొక్కదినమున దేవునితో వ్యక్తిగతసంబంధమును పొందుదురా? శంక న్యాయమైనదే. అయితే ఆనాటి పద్ధతిలో నొక చిన్న సంగతి నన్ను నిలిపివేయుచున్నది. ఒడ్డున జాబితా పట్టుకొని నిలిచినవారు ఒక్కొక్క పేరును చదువగా, ఆ పేరుగలవాడు నీటిలోనికి దిగెను. గుంపుగా నీళ్లు చల్లి పంపలేదు. కూలి పట్టీలలో తప్ప తమ పేరు వ్రాతలో నెన్నడును చూడనివారు వారు; అందులోను స్త్రీలు! ఫలానివాని పెండ్లాము, ఫలానివాని తల్లి అని మాత్రమే పిలువబడిన ఆడుది తన పేరున, భర్తతో గాక తానుగా ఏటిలో దిగెను. పైచదువు చదివిన మన యిండ్లలో ఆనాడు స్త్రీ పేరు పైకి జెప్పుట అమర్యాదయని చదువరులు మఱవకుందురుగాక. కూటికై వచ్చినవారు అందులో లేరని నే ననను. కూటికై వచ్చినవానికి పేరుండరాదా?

భాషను గూర్చి యొక మాట చెప్పవలసియున్నది. అది నాకు వృత్తిరీత్యా దోచిన సంగతి. మన పల్లెలలో మాలమాదిగలు ఊరి పెద్దలతో మాటాడునపుడు ‘తమరు’, ‘సామీ’ యని చేతులు గట్టుకొని పలుకవలసినదే. ‘నీవు’ అను మాట క్రిందికి మాత్రము పాఱును, పైకి బాఱదు. తెలుగు బైబిలులోను క్రైస్తవప్రార్థనలోను దేవుని సంబోధించుట యేకవచనముననే. ఇది మిషనరీలు కల్పించినది గాదు; మన భక్తులందఱును అట్లే పిలిచిరి. అయినను, రెడ్డి యరుగు ముందు ‘నీవు’ అన నోరు రానివాడు సర్వలోకాధిపతిని ప్రతిదినము సాయంకాలము ‘నీవు’ అని పిలుచుట అలవాటు చేసికొనెను. పైగా వానికి మంత్రము లేదు. బ్రాహ్మణుడైన పురుషోత్తముడు విడిచివచ్చిన మంత్రము ఇతరునికి జెప్పరానిది. మాదిగయైన పేరయ్యకు మొదటినుండియు దానిని వినుటకే హక్కు లేదు. ఇద్దఱికిని క్రొత్తమతమున దొరకినది ఒక్కటియే: నీ మాటలలో నీవు చెప్పుకొనుము. వచ్చీరాని మాటలలో, తన బఱ్ఱెను, తన యప్పును, తన బిడ్డను పేర్కొనుచు దేవునితో నిత్యము మాటాడుట యొక విద్య. దానివలన మనుష్యునికి తన కథ తనకు దెలియును. రెండవ తరమున వీరి పిల్లలు బడులలో, ఆసుపత్రులలో కుదురుగా నిలిచి మాటాడగలుగుటకు ఈ యభ్యాసము కొంత కారణమని నే నూహింతును.

అట్లని యంతయు మేలే జరిగెనని చెప్పుట చరిత్రకు ద్రోహము. వియ్యాలవారి త్రోవలను వచ్చిన మతము వియ్యాలవారి హద్దులలో నిలిచిపోయెను. ఒక మిషనులో మాదిగలు, ఒక మిషనులో మాలలు. ఒకచోట ఇరువురు నుండిన వేఱువేఱు బల్లలు. దేవునితో నేకవచనమున మాటాడినవాడు పక్కపల్లెవానితో నన్నము దినడయ్యెను. తల్లిదండ్రుల మతము గనుక గుడికి బోవుచున్నామను తరమును వచ్చెను. బాప్తిస్మమే యొక కులాచారమయ్యెను. దీనిని పెద్దలు గుర్తెఱుగకపోలేదు. 1912లో దోర్నకలునకు బిషప్పైన అజరయ్య, ఆంగ్లికను సంఘమున నా పదవి నొందిన మొదటి భారతీయుడు, బాప్తిస్మము పొందిన ప్రతివానిచేతను వాని చేయి వాని తలపై నుంచుకొనజేసి, సువార్త చెప్పుట తన బాధ్యతయని యొట్టు పెట్టించుచుండెను. గుంపుగా వచ్చినవారిని విడదీయుటకు అదియొక యుపాయము. 1941లో మద్రాసున సంఘము నెలకొల్పి, పిదప హైదరాబాదున హెబ్రోనును స్థాపించిన పంజాబీ బోధకుడు భక్తసింగు (1903–2000) అంతకంటె గట్టిగా నడిగెను: క్రైస్తవుల బిడ్డలారా, మీరెప్పుడు క్రైస్తవులైతిరి? తెలుగునాట వేలమంది ఆ ప్రశ్నకు లేచి ప్రత్యుత్తరము చెప్పిరి. పేరయ్య బంధువులకు అక్కఱలేని ప్రశ్న వారి మనుమలకు గావలసివచ్చినది.

గుంతకల్లువంటి యూరిలో ఆ ప్రశ్నకు వేఱొక బలము గలదు. ఇది పొలిమేర దేవత కట్టిన యూరు గాదు, రైలు కట్టిన యూరు. మద్రాసు, బొంబాయి, బళ్లారి, బెజవాడ దారులు గలియుచోట అఱవలు, కన్నడులు, తెలుగువారు, ఆంగ్లోఇండియనులు పనికై వచ్చి చేరిరి. రైల్వే క్వార్టర్సులో పక్కింటివాని తాత యెవడో తెలియదు. ఏ జాతరలో డప్పు కొట్టవలెనో, ఏ రథపు త్రాడు పట్టవలెనో చెప్పు కరణము లేడు. ఇట్టిచోట దేవుని గోరువాడు ఊరిని ముందిడుకొని కోరలేడు. ఆదివారపు ప్రార్థనకూటములు ఈ పట్టణములో పెరుగుటకు నాకు దోచిన కారణములలో నిది యొకటి.

కడపట రాజ్యము సంగతి. 1850లో గవర్నమెంటువారు 21వ యాక్టు చేసి, మతము మాఱినవానికి పిత్రార్జితమున హక్కు పోదనిరి. మద్రాసులోను బంగాళములోను హిందూపెద్దలు దానిని ప్రతిఘటించుచు అర్జీలు పంపుకొనిరి. ఆ యాక్టు ప్రకారము మనుష్యుని దైవము వాని సొంతవిషయము. భూమికి దానితో నిమిత్తము లేదు. నూఱేండ్లకు, 1950లో, షెడ్యూల్డు కులముల యుత్తర్వు వచ్చెను. హిందువు గానివాడు షెడ్యూల్డు కులమువాడు గాడనిరి. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందు జేర్చిరి, క్రైస్తవులను జేర్చలేదు. మన రాష్ట్రమున వారికి వెనుకబడిన తరగతులలో ‘సి’ విభాగమున నొకవంతు చోటు చూపిరి. దేవుడు మాఱినను పల్లె మాఱలేదు, బావి మాఱలేదు, పక్కవాని చూపు మాఱలేదు. కాగితము మాత్రము మాఱవలయును.

దాని ఫలము మా ప్రాంతపు బడులలో పనిచేసిన యే యుపాధ్యాయునికైనను తెలియును. పిల్లవానికి రెండు పేర్లుండును. ఒకటి సర్టిఫికెట్టునకు, ఒకటి ప్రార్థనకు. తండ్రి బడిలో జేర్చునపుడు మొదటిదానిని మాత్రము చెప్పును. రెండవదానిని మన మడుగరాదు, ఆయన చెప్పరాదు. హాజరు పట్టీలోని పేరున బిలిచిన పిల్లవాడు లేచి నిలుచును. సాయంకాలము ప్రార్థనకూటమున రెండవ పేరున బిలిచినను అట్లే లేచి నిలుచును.